కొసరుగా ఇచ్చిన ఆట

గోవిందయ్య అంగట్లో బేరం చేసి, కొసరు లేకుండా మెట్టు దిగిన మనిషి లేడు. చేదతాడు కొన్నవాడికి మూరెడు ఎక్కువ కొలిచేవాడు. జల్లెడ కొన్నామె చేతిలో ఒక దబ్బనమో, నాలుగు మేకులో పెట్టేవాడు. కర్నూలు పెద్ద మార్కెట్టు వెనక సందులో తాళ్లు, గోతాలు, చేటలు అమ్మే అంగడి అది. అలాంటివి ఆ సందులోనే ఇంకో మూడున్నాయి. అయినా కోడుమూరు వైపు రైతులు బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చేవాళ్లు. తాడు కొలిచేటప్పుడు గోవిందయ్య అచ్చమైన శెట్టి. కొసరు ఇచ్చేటప్పుడు మాత్రం పెళ్లిబంతిలో వడ్డించే మేనమామ. ఆయన చేసిన తప్పు కూడా ఆ కొసరు ఇచ్చే చేత్తో చేసిందే.

దీపావళి ఇంకో రెండు వారాలుందనగా ఒక సోమవారం మధ్యాహ్నం, అంగడి ముందు అరుగు మీద పులి–మేక ఆట నడుస్తోంది. అరుగుకు పరిచింది మంచమంత కడప బండ. దాని మీద ఎవరో ఉలితో కొండలాంటి ముక్కోణం గీసి, అడ్డగీతలతో దాన్ని కోసి ఉంచారు. మూడు గులకరాళ్లు పులులు. పదిహేను చింతగింజలు మేకలు. ప్రతి సోమవారం మార్కెట్టుకు వేరుశనగ కాయలు తెచ్చే అయ్యన్న, కోడుమూరు బస్సు వేళయ్యేదాకా ఇక్కడే గొంతుక్కూర్చుంటాడు. ఇరవై ఏళ్లుగా అయ్యన్నవి మేకలు, గోవిందయ్యవి పులులు.

శ్రీవాసవి మేడమెట్లు దిగి వచ్చింది. చేతిలో సెల్‌ఫోను ఉంది. ముఖం పాలిపోయి ఉంది.

"నాన్నా, మెట్ల కింద అట్టపెట్టెలో సీడీలు ఏమైనాయి?"

"ఉండాయి కదమ్మా."

"పెట్టె సగం ఖాళీగా ఉండాది."

గోవిందయ్య పులిని ఒక గడి జరిపాడు. "కొసరిచ్చినా," అన్నాడు మామూలుగా.

"అమ్మొద్దని చెప్పినా కదా!"

"అమ్మొద్దన్నావు. అమ్మలేదు." ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ఒక్కటన్నా అమ్మినానేమో ఈ అయ్యన్ననే అడుగు. మా పాప చేసిన ఆట అని చెప్పి, ఊరికే ఇచ్చినా."

"మాకూ ఒకటిచ్చినాడు తల్లీ," అన్నాడు అయ్యన్న సాక్ష్యానికి.

శ్రీవాసవి కొబ్బరితాడు చుట్ట మీద కూలబడింది. ఆమె ఎం.సి.ఏ. చదివింది. ఏడాదిన్నర పాటు మేడ మీద గదిలో కూర్చుని ఈ బండ మీది ఆటనే కంప్యూటరులోకి ఎక్కించి, సీడీల్లో కూడా రాసి పెట్టుకుంది. దాన్ని బెంగళూరులోని ఒక అంగడికి ఒప్పజెప్పి నెలయింది. ఆ అంగడికి తలుపూ లేదు, గల్లాపెట్టే లేదు. ఇంటర్నెట్టులో తెరుచుకుంటుంది. కార్డుతో డబ్బు కడితే ఆట మన కంప్యూటరులోకి దిగుతుంది. షరతు ఒక్కటే. రెండేళ్ల పాటు ఆ ఆట వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరక్కూడదు. అందుకు బదులుగా దీపావళికి వాళ్ల మొదటి పేజీలో, ఆమె పేరుతో సహా పెడతారు. ఆ పేరు కోసమే ఆమె కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. గోవిందయ్య కూడా సందులో పదిమందికి ఆ సంగతి చెప్పుకున్నాడు.

"ఇప్పుడే ప్రదీప్‌కుమార్ ఫోన్ చేసినాడు," అంది ఆమె. ప్రదీప్‌కుమార్ అంటే ఆ బెంగళూరు అంగట్లో ఈ ఆట వ్యవహారం చూసే మనిషి. "మన ఆట కింద ఎవరో రాసినారంట. కర్నూల్లో తాడు కొంటే ఈ ఆట ఊరికే ఇస్తాండారు, కార్డు పెట్టి ఎందుకు కొనాల అని."

అయ్యన్న నవ్వబోయి, తండ్రీకూతుళ్ల ముఖాలు చూసి ఆపుకున్నాడు.

"మల్ల ఇప్పుడేమంటాండాడు?" అన్నాడు గోవిందయ్య.

"బయట ఇచ్చినవన్నీ వెనక్కి తెప్పించాలంట. ఈ ఆట ఏ రూపంలోనూ ఇంకెక్కడా దొరకదని కాగితం మీద సంతకం పెట్టి, శుక్రవారం సాయంత్రం అయిదులోగా ఫ్యాక్సు పంపాల. లేకుంటే ఒప్పందం రద్దు."

"ముందు ఇంకో రెండు అంగళ్లలో పెట్టింటివి కదమ్మా?"

"ఈళ్ల కోసమే గదా వాటిలోంచి తీసేసింది! ఒకసారి పోయినోళ్లను మళ్లీ రానియ్యరు నాన్నా. నా ఆటకు ఇంగ యాడా చోటు లేదు."

గోవిందయ్య చేతిలో పులి గులకరాయి అలాగే ఉండిపోయింది. పొద్దున లేస్తే నలుగురికి మాట చెప్పి బతికే మనిషి తను. ఇంట్లో కూతురు ఇచ్చిన మాటకు తనే గండి కొట్టాడు. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయం పట్టుకుంది.

"ఇచ్చినోన్ని నేను. తెచ్చేదీ నేనే," అంటూ లేచాడు. ఆట సగంలో ఆగిపోయింది.

*

ఎవరెవరికి ఇచ్చాడో ఆయన ఎక్కడా రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరమూ లేదు. గోవిందయ్యకు మనుషులు పేర్లతో కంటే కొన్న సరుకుతో గుర్తుంటారు. గోడ మీది క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనక వైపు పెన్సిలుతో వరసగా రాశాడు. పలుపుతాడు, ఎర్ర తలపాగా. రెండు చేటలు, మెల్లకన్ను కోడలు. మోకు, అయ్యన్న. భార్య సుందరలక్ష్మి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, ఆ జాబితా చదివి, "ఇదేం కొరివి తెచ్చిపెట్టినావయ్యా ఆ బిడ్డకు," అని లోపలికి పోయింది. రాయడం అయ్యేసరికి మొత్తం ఇరవై ఆరు తేలాయి.

మంగళవారం ఊళ్లోవి ఎనిమిది దొరికాయి. ఆఖరికి రాజ్‌విహార్ దగ్గర మేనల్లుడు జ్ఞానేశ్వర్ నడిపే నెట్ సెంటరుకు పోయాడు. శ్రీవాసవి అప్పటికే అక్కడ ఉంది. ఎనిమిది కంప్యూటర్లలో ఒక్కోదాని ముందు కూర్చుని ఆటను చెరిపేస్తోంది. ఆడుకోవడానికి వచ్చిన స్కూలు పిల్లలు నలుగురైదుగురు గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నారు. వాళ్లు గొడవ చేసినా బాగుండు అనిపించింది గోవిందయ్యకు.

"చూడు మామా," అన్నాడు జ్ఞానేశ్వర్. వాడి గొంతులో కోపం దాచుకోవాలన్న ప్రయత్నం కూడా లేదు. "ఆట సగం తయారైనప్పుడు ఆడి చూసి తప్పులన్నీ చెప్పింది ఈ పిల్లోళ్లే. మూడో పులి మూలకు పోతే ఇరుక్కుంటాదని కనిపెట్టింది అదో, ఆ కళ్లద్దాల పిల్ల. ఇప్పుడు వాళ్లకే లేదంటాంది నీ కూతురు."

"బెంగళూరు అంగట్లో కొనుక్కోవచ్చు గదా బావా," అంది శ్రీవాసవి తల తిప్పకుండా.

"కార్డు యాడిది? ఈ సందులో ఎంతమంది కాడ కార్డు ఉండాది, చెప్పు. ఉన్నా, ఆట దిగేదానికి మన లైను మీద ఒక పూట పడతాది. ఒక్క అంగట్లోనే దొరికితే ఆ అంగడోడు చెప్పిందే ధర, ఆడు పెట్టిందే రూలు. రేపు ఆ అంగడి మూసేస్తే నీ ఆట గూడా దాంతోనే పాయె. ఆడేటోళ్లు యాడ కొనాలో ఆడేటోళ్ల ఇష్టం గాదా?"

శ్రీవాసవి కుర్చీ తిప్పింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అన్ని అంగళ్లలోనూ పెట్టినాను గదా ఎనిమిది నెలలు? ఏమైంది? రెండిట్లోనూ అడుగున పడి ఉండె. నా పేరు ఒక్కరికన్నా తెలిసిందా? వాళ్లొక్కరే ముందు వరసలో పెడతామన్నారు. ఊరికే ఎవరు పెడతారు బావా? వాళ్లు ఏదో ఒకటి అడుగుతారు, అడిగినారు. నాకు వేరే దోవ ఉంటే నువ్వు చూపించు."

గోవిందయ్యకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట నైలాను తాడు కంపెనీవాడు వచ్చి, మా తాడు ఒక్కటే అమ్మితే అంగడికి రంగుల బోర్డు రాయించి ఇస్తామన్నాడు. ఆయన జనపతాడు చుట్టల వైపు ఒకసారి చూసి వద్దన్నాడు. ఆ సంగతి కూతురికి చెబుదామా అనుకున్నాడు. కానీ ఆయనకు అప్పటికే నలభై ఏళ్ల అంగడి ఉంది, వద్దనగలిగాడు. ఇరవై ఆరేళ్ల పిల్లకు ఏముంది? నోరు మూసుకుని తన ఎనిమిది సీడీలు సంచిలో వేసుకున్నాడు.

*

బుధవారం పొద్దున్నే కోడుమూరు బస్సెక్కాడు. సంచిలో కొత్త జనపతాడు చిన్న చిన్న చుట్టలు కట్టి పెట్టుకున్నాడు. ఒక సీడీ వెనక్కి తీసుకుంటే ఒక చుట్ట ఇవ్వాలని ఆయన ఆలోచన. ఉత్త చేతులతో అడగడానికి మొహం చెల్లలేదు.

మొదటి మూడు ఇళ్లలో పని తేలిగ్గానే అయింది. ఒకచోట సీడీ సైకిలు వెనక చక్రానికి బిగించి ఉంది. ఒకచోట దేవుడి గూట్లో, దీపం వెనక అద్దంలా నిలబెట్టి ఉంది. ఇంకోచోట పసిబిడ్డ ఉయ్యాలకు వేలాడుతోంది. ఆ ఊళ్లలో కంప్యూటరు ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. తాడు కొన్నప్పుడు శెట్టి తళతళలాడేది ఇచ్చాడు, ఇంటికి తెచ్చుకున్నారు, తోచిన చోట పెట్టుకున్నారు. బెంగళూరులో వాళ్లు భయపడుతున్నది ఈ ఉయ్యాల గురించేనా అని గోవిందయ్యకు నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాడు.

మధ్యాహ్నానికి సోమక్క చేనికి చేరాడు. ఊరి బయట రెండెకరాల పొద్దుతిరుగుడు. పువ్వులు గింజ పట్టి తలలు వంచి ఉన్నాయి. గట్టు పొడుగునా కట్టెలు పాతి, వాటికి దారాలు కట్టి, ఆ దారాలకు ఆరు సీడీలు వేలాడదీసింది. గాలికి తిరుగుతూ ఎండను చేనంతా విసురుతున్నాయి. ఊళ్లో కొసరుగా పోయినవన్నీ సోమక్క అడిగి తెచ్చుకుని పోగు చేసిందన్నమాట.

"ఏమి శెట్టీ, నువ్వు చేన్లోకి వచ్చినావు!" అంది సోమక్క. చేతిలో వడిసెల ఉంది. "మంచి సరుకిచ్చినావప్పా. చిలకలు ఈ పక్కకే రావడం లేదు."

గోవిందయ్య విషయం చెప్పాడు. కూతురు, ఒప్పందం, శుక్రవారం. చెప్పినంతసేపూ ఆమె వడిసెల తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ విన్నది.

"అంటే కొసరు ఎనక్కి ఇమ్మంటాండావా?"

"ఇమ్మంటాండా అక్కా."

"మా అత్త కాలం నుంచి మీ అంగడికి వస్తాండాము. కొసరు ఎనక్కి అడిగిన శెట్టిని ఈ పొద్దే చూస్తాండా."

ఆయన గబగబా సంచిలోంచి తాడు చుట్టలు ఆరు తీసి ముందుకు చాపాడు. "ఊరికే కాదక్కా. ఇవి తీసుకో."

సోమక్క ఆ చుట్టల వైపు చూసింది గానీ చేయి చాపలేదు.

"వద్దు. దానికి బదులు ఇది తీసుకుంటే కొసరు బేరమైపోతాది. నువ్విచ్చింది కొసరు. నేనిచ్చేది గూడా కొసరే అనుకో." గట్టు వెంట నడుచుకుంటూ పోయి, ఒక్కో దారం పళ్లతో కొరికి తెంపి, ఆరూ తెచ్చి చేతిలో పెట్టింది. "బిడ్డకు మంచి జరగనీ."

కోపపడి ఉంటే ఎలాగో తట్టుకునేవాడు. ఆమె నిజంగానే మంచి జరగాలని అంది. ఆయన వెనక్కి తిరిగి పది అడుగులు వేశాడో లేదో చిలకల గుంపు ఒకటి కూతలు పెడుతూ చేను మీదికి దిగింది. సోమక్క కేక, వడిసెల రాయి పోయిన చప్పుడు వినిపించాయి. తిరిగి చూడడానికి ధైర్యం చాలక బస్సు రోడ్డు దాకా తల వంచుకునే నడిచాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సంచిలో పదిహేడు ఉన్నాయి. మొత్తం ఇరవై అయిదు. ఇక మిగిలింది అయ్యన్నది ఒక్కటే.

*

అది అయ్యన్నే తెచ్చాడు, గురువారం మధ్యాహ్నం. కాయలు మార్కెట్టులో దింపాడు, వేలం మరుసటి రోజు. అరుగు మీద కూర్చుని పంచె మడతలోంచి సీడీ తీసి ఇచ్చాడు.

"మా ఊరి బళ్లో ఉండె. జయరాజ్ అయ్యవారు ఆడ ఒక కంప్యూటర్ పెట్టినాడు. పిల్లోళ్లు దాంట్లో ఆడతాండ్రి. పులి యాడ కూర్చుంటే కదలకుండా కట్టు పడుతాదో నన్ను పిలిచి అడుగుతాండ్రి," అన్నాడు. అందులో రవ్వంత గర్వం ఉంది. "నువ్వు అడుగుతాండావని చెప్తే అయ్యవారు దాన్ని మొత్తం తీసేసినాడు. తీసేసినాక పిల్లోళ్లు ఊరుకుంటారా? సుద్దముక్క తీసుకుని వరండా మీద గీసుకున్నారు. దాన్ని గూడా చెరపల్లా వద్దా, శెట్టిని అడిగి రమ్మన్నాడు అయ్యవారు."

గోవిందయ్య నవ్వుదామనుకున్నాడు. అయ్యన్న ముఖంలో నవ్వు లేదు. నిజంగానే అడిగి రమ్మన్నారు, నిజంగానే అడుగుతున్నాడు.

"అమ్మా, ఆ కాగితం రోంత చదువు," అని కూతుర్ని పిలిచాడు. శ్రీవాసవి ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పింది. "పై ఆట, దాని నియమాలు, దాని బల్ల ఏ రూపంలోనూ, ఏ చోటా, ఉచితంగా గానీ వెలకు గానీ జనానికి అందుబాటులో లేవని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను."

ముగ్గురి కళ్లూ ఒకేసారి అరుగు మీదికి పోయాయి. సోమవారం ఆగిపోయిన ఆటలోని చింతగింజలు మూడు నాలుగు ఇంకా గీతల్లో ఇరుక్కుని ఉన్నాయి.

"రాళ్ల గురించి కాదు నాన్నా అది," అంది శ్రీవాసవి. "కాగితం రాసినోళ్లకు ఈ బండ సంగతి ఏం తెలుసు?"

"తెలీకపోతే తెలపాల. ఫోన్ చెయ్యి."

ఆమె ఫోను స్పీకరులో పెట్టింది. ప్రదీప్‌కుమార్ ఓపికగానే విన్నాడు. మర్యాదస్తుడు.

"అండీ, అరుగు మీద రాయి ఉందని మా లాయరుకు ఏమని చెప్పను? ఆ వాక్యం మార్చడం నా చేతిలో లేదు. మొదటి పేజీలో ఆ చోటు కోసం ఇంకో ఆట కాచుకుని ఉంది. మీది పెట్టించడానికి నేను ఇక్కడ ఎంతమందితో వాదించానో మీకు తెలియదు. సంతకం పెట్టేసి పంపండి. కర్నూలు దాకా వచ్చి ఎవరు చూస్తారు?"

శ్రీవాసవి ఫోను పెట్టేసింది.

"విన్నావు గదా," అంది శ్రీవాసవి. "పెట్టేస్తా."

"చూసేటోడు లేడని సంతకం పెట్టకూడదమ్మా."

అంతే, నాలుగు రోజుల నుంచి బిగపట్టుకున్నది ఆమెలో తెగిపోయింది. "ఇప్పుడు నాకు నీతులు చెప్తాండావా? ఇదంతా ఎవరి వల్ల వచ్చింది? అడక్కుండా, చెప్పకుండా నా ఆట ఊరంతా పంచిపెట్టింది ఎవరు? ఏడాదిన్నర నాన్నా! నా పేరు ఒక్కసారి, ఒక్క చోట రావాలని ఏడాదిన్నర కూర్చున్నా!"

మేడమెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు అయ్యన్న కూడా తల దించుకుని విన్నాడు. గోవిందయ్యకు తెలుసు. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తనన్నదాంట్లోనూ అబద్ధం లేదు. బిడ్డ సంతకం పెట్టి తీరాలి. పెట్టిన సంతకం నిజమై తీరాలి. అరుగు వైపు చాలాసేపు చూసి, చెప్పులేసుకుని, బండలు పరిచే నరసన్న ఇంటికి నడిచాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నరసన్న గడ్డపారలతో, ఇంకో మనిషిని తోడు తీసుకుని వచ్చాడు. వేలం ముగించుకుని అయ్యన్న కూడా అప్పుడే చేరాడు.

"ఉలి పెట్టి గీతలు చెక్కేద్దునా?" అన్నాడు నరసన్న.

"చెక్కొద్దు," అన్నాడు గోవిందయ్య ఉలిక్కిపడి. "తిప్పేయ్. గీతలు కిందికి పోతే చాలు."

"ఇరవై ఏండ్లు గెలిపించిన బండ," అన్నాడు అయ్యన్న. ఇంకేమీ అనకుండా గీతల్లో ఇరుక్కున్న చింతగింజలు ఒక్కటొక్కటే ఏరి, గోవిందయ్య అరచేతిలో పోశాడు.

గడ్డపార మొనలు బండ అంచు కిందికి దిగాయి. ఆ చప్పుడుకు శ్రీవాసవి కిందికి వచ్చింది. చేతిలో కాగితం ఉంది. ఫ్యాక్సు కోసం జ్ఞానేశ్వర్ దగ్గరికి బయల్దేరుతోంది. కింద సంతకం చేసి ఉంది.

"ఏం చేస్తాండావు నాన్నా?"

"నీ సంతకం నిజం చేస్తాండా. పెట్టినావు గదా, అబద్ధం మీద ఎందుకు ఉండాల? ఇది బోర్ల పడినాక పో. అయిదు కాలేదు ఇంకా."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. బోణీ అయ్యాక గల్లాపెట్టెకు దణ్ణం పెట్టినట్టు మామూలుగా అన్నాడు. శ్రీవాసవి కదల్లేదు. ఈ బండ మీద బోర్లా పడుకునే ఆమె లెక్కలు నేర్చుకుంది. పులికి మూడు వైపులా మేక నిలిస్తే నాలుగో వైపు దారి ఎటో ఇక్కడే కనిపెట్టింది. వద్దు అనడానికి నోరు తెరిచింది గానీ, సంతకం చేసిన కాగితం చేతిలో ఉంది.

బండ మూలిగినట్టు లేచింది. నలుగురూ పట్టి నిలబెట్టారు. నరసన్న లెక్క పెడుతుంటే మెల్లగా అవతలికి వాల్చారు. అడుగున అంటిన పాత మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. నరసన్న కొబ్బరి పీచు తీసుకుని మిగిలింది రుద్దబోయి ఆగాడు. ఇంకొంచెం రుద్దాడు. గోవిందయ్య వైపు తల ఎత్తాడు.

"శెట్టీ, ఏ పక్క పైకి ఉండాల?"

గోవిందయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. వంగి చూశాడు. మట్టి కింద గీతలున్నాయి. కొండలాంటి ముక్కోణం, అడ్డగీతలు. అంచుల్లో అడుగుల రాపిడికి అరిగి నున్నబడ్డాయి. ఎప్పుడో, ఎవరి కాలంలోనో బండ ఆ పక్క పైకి ఉండి, అరిగిపోతే ఎవరో తిప్పేసి, ఈ పక్కన మళ్లీ గీసుకున్నారు.

"ఇది మనది కాదు," అంది శ్రీవాసవి. ఆమె అప్పటికే మోకాళ్ల మీద కూర్చుంది. చున్నీ అంచుతో మట్టి తుడుస్తోంది. "ఒక అడ్డగీత ఎక్కువ ఉండాది. కొన కాడ చూడు నాన్నా, గుంటలు నాలుగు."

"నాలుగు పులులు," అన్నాడు అయ్యన్న. "మా తాత ఆడేటోడంట. మా నాయన చెప్తాండె. నేను చూడలేదు ఎప్పుడూ."

"మేకలెన్ని?"

"తెలీదు తల్లీ. పదిహేను చాలవు గదా నాలుగు పులులకు."

శ్రీవాసవి గీతలు కలిసే చోట్లు వేలితో లెక్కపెట్టింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత నరసన్న చెవి మీదున్న పెన్సిలు అడిగి తీసుకుని, చేతిలో కాగితం తిరగేసి, దాని వెనక తెల్ల వైపు ఆ బల్లను గీయడం మొదలుపెట్టింది. పెన్సిలు వత్తిడికి కాగితం మడతపడింది, మట్టి అంటింది. సంతకం వైపు బండ మీద రాసుకుపోతోంది. గోవిందయ్య చూస్తూనే ఉన్నాడు. అమ్మా, కాగితం అని హెచ్చరించాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాడు. బిడ్డ ముఖంలో నాలుగు రోజులుగా లేని వెలుగు ఉంది.

గీయడం అయ్యాక ఆమె కాగితం తిప్పి ముందు వైపు చూసుకుంది. ఏ రూపంలోనూ, ఏ చోటా. మళ్లీ బండ వైపు చూసింది.

"ఇంకెన్ని బండలు తిప్పుతావు నాన్నా?" అంది. అనేసి ఏడ్చింది. గోవిందయ్య ఆమె తల మీద చేయి వేసి నిలబడ్డాడు.

అయిదుకు పది నిమిషాలుండగా ఫోను ఆమే చేసింది. మాటలు పొడుగ్గా లేవు. "సంతకం పంపడం లేదండీ. ఆట వేరే చోట ఉంది. నా కంటే ముందు నుంచీ ఉంది... లేదండీ, మీ తప్పేం లేదు... తెలుసు, ఆ చోటు ఇంకొకరికి పోతుంది." అవతలి మనిషి ఏదో చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నది. ఫోను పెట్టేశాక మొదటి పేజీ పోయింది, పేరు పోయింది అని గోవిందయ్య మనసులో అనుకున్నాడు. పోగొట్టింది తనే.

"నన్ను తిట్టమ్మా," అన్నాడు.

"తిట్టినా గదా నిన్ననే," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ.

నరసన్న కొత్తగా పైకొచ్చిన పక్కనే పైకి ఉంచి, సందుల్లో సున్నం పూసి, గడ్డపారలు సర్దుకున్నాడు. అప్పుడే జాబితాలో మొదటివాడు, ఆ ఎర్ర తలపాగా మనిషే వచ్చి ఇంకో పలుపుతాడు కావాలన్నాడు. గోవిందయ్య లేచి అలవాటు ప్రకారం మూర మీద మూర వేసి కొలిచి, ముడి వేసి, డబ్బు తీసుకున్నాడు. కొసరు కోసం చేయి డబ్బాలోకి పోయింది. మేకులు అడుగంటాయి. చేయి ఖాళీగా బయటికి రావడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

శ్రీవాసవి మెట్ల కింది నుంచి అట్టపెట్టె లాక్కొచ్చింది. పైన సోమక్క కొరికిన దారపు కొసలతో ఆరు సీడీలున్నాయి. అందులోంచి ఒకటి తీసి ఆ మనిషి చేతిలో పెట్టింది.

"కొసరు," అంది. "మిగిలినవి రేపు సోమక్కకు నేనే తీసుకుపోతా నాన్నా."